బ్లాకుల పనివారు - ప్రమాదములు, పరిహారము



మన యిండ్లలో పెండ్లి నిశ్చయమైన తోడనే శుభలేఖలు అచ్చు వేయింతుము. ఆ శుభలేఖపై విఘ్నేశ్వరుని బొమ్మయు, వధూవరుల పేళ్లును బంగారు వన్నెతో మెఱయుచుండును. వ్రేలితో తడవి చూచినచో అక్షరములు కాగితమున నొకింత లోతుగా దిగియుండుట తెలియును. మనము చూచి సంతోషింతుము. నాలుగు మూలల పసుపు పూసి బంధువులకు పంపుదుము. ఆ బంగారు గీత వెనుక నొక లోహపు అచ్చు కలదనియు, ఆ లోహమును ఆమ్లముచేత తినిపించిన పనివాడొకడు కలడనియు మనమెన్నడును తలంపము. నేటి నా ప్రసంగము ఆ పనివానిని గూర్చినది. అతడు పట్టణమున పనిచేయువాడే యైనను, తఱచుగా మన గ్రామమునుండి పోయినవాడే. అతనికి ఆపద కలిగినప్పుడు శవమో, శరీరమో తిరిగి వచ్చునది మన గ్రామమునకే. అప్పుడు నలుగురు పెద్దలు కూర్చుండి చెప్పెడి మాటయే ఆ కుటుంబమునకు శాసనమగును. కావుననే ఈ మాటలను పెద్దలకే విన్నవింపదలచితిని.

ఛాయాచిత్రమును లోహపు రేకుపైకి దింపి, ఆమ్లముతో మలచు విద్యను ఫోటో ఎన్‌గ్రేవింగు అందురు. మన అచ్చుకూటములవారు దానిని బ్లాకుల పని యనియే వ్యవహరింతురు. దీనికి మూలము బైక్రోమేటు అను నారింజవన్నె లవణము. ఆ లవణము కలిపిన జిగురు వెలుతురు సోకినచోట గట్టిపడును. సోకనిచోట నీటికి కరగిపోవును. స్కాట్లండునందు మంగో పాంటన్ అను నతడు ఈ లవణముపై వెలుతురు పనిచేయు విధమును 1839లో వెల్లడించెను. 1852లో ఇంగ్లండునందు ఫాక్స్ టాల్బట్ దీని నాధారముగా గొని చిత్రమును లోహముపై చెక్కు పద్ధతికి హక్కు పత్రము పొందెను. 1882లో జర్మనీయందు మైసెన్‌బాక్ ఛాయాచిత్రములోని నీడలను సన్నని చుక్కలుగా విడగొట్టి అచ్చొత్తు మార్గమునకు హక్కు పొందెను. మన దేశమున కలకత్తాలో ఉపేంద్రకిశోర రాయ్ చౌధురి 1895లో బ్లాకుల సంస్థను నెలకొల్పి, ఈ విద్యపై తాను చేసిన పరిశోధనలను పాశ్చాత్యులు సైతము చదివి గ్రహించునట్లు ప్రకటించెను. మన చిన్ననాటి వార్తాపత్రికలలో నాయకుల బొమ్మలన్నియు ఈ బ్లాకుల వలన వచ్చినవే.

పని జరుగు విధము సులభముగా చెప్పెదను. తుత్తునాగపు రేకునుగాని, రాగి రేకునుగాని, మెగ్నీషియపు రేకునుగాని తీసికొని నునుపు చేయుదురు. దానిపై వెలుతురుకు గట్టిపడు పూత పూయుదురు. చిత్రపు నెగెటివును దానిపై నుంచి తీవ్రమైన దీపకాంతి ప్రసరింప జేయుదురు. తరువాత కడిగినచో గీతలున్నచోట పూత నిలుచును. మిగిలినచోట లోహము బయటపడును. ఆ రేకును ఆమ్లపు తొట్టిలో నుంచినచో బయటపడిన లోహమును ఆమ్లము తినివేయును. గీతలు ఉబ్బెత్తుగా నిలుచును. ఆమ్లము ప్రక్కలనుండి గీతను కొఱకకుండ, పూర్వము పేము జాతి తీగెల పండ్లనుండి తీసిన యెఱ్ఱని గుగ్గిలపు పొడిని కుంచెతో నలుదెసల అలది కాచెడివారు. 1950 తరువాత ఆ పొడి యక్కఱలేని యంత్రపు తొట్లు వచ్చినవి. ఆఫ్‌సెట్ అచ్చును, కంప్యూటరును వచ్చిన పిదప పత్రికలకు బ్లాకులతో పని తీరిపోయినది. అయినను బంగారు రేకు అద్దకమునకు, అట్టలపై ఉబ్బెత్తు ముద్రలకు నేటికిని లోహపు అచ్చులు కావలయును. ఈ పని చేయు కార్ఖానాలు పెక్కు చిన్నవి. నలుగురైదుగురు పనివారు, రెండు గదులు, ఒక తొట్టి. ఆ చిన్నతనమే ఆపదకు నెలవు.

ఇక ఆపదలను వినుడు. తుత్తునాగమునకును మెగ్నీషియమునకును వాడునది నత్రికామ్లము. అది చర్మముపై పడిన కాల్చును. కంట బడిన చూపు తీయును. దాని సీసా పగిలినప్పుడు ఱంపపు పొట్టుతోనో, గోనెగుడ్డతోనో అద్దుదురు. అది మిక్కిలి ప్రమాదము. ఆ పొట్టు మండుటకును అవకాశము కలదు. మెగ్నీషియపు పొడి అంటుకొన్నచో తోడనే నీరు పోయవలెనని తోచును. నీరు పోసిన మంట యింకను భగ్గుమనును. పొడి యిసుకయే దానికి తగినది. బైక్రోమేటు చేతి పగుళ్లలో చేరి మానని పుండ్లు పుట్టించును. దీర్ఘకాలము పీల్చినచో ముక్కులోని నడిమి గోడకు చిల్లు పడును. తీవ్రదీపముల వెలుగు కన్నులకు చేటు. రేకులు కోయు కత్తెరయు, లోహమును తొలుచు యంత్రమును వ్రేళ్లను తీయును.

వీనిన్నిటికంటె మోసకరమైనది వేఱొకటి కలదు. ఆమ్లము లోహమును తినునప్పుడు ఎఱ్ఱగా, ఇటుకరంగున పొగ లేచును. అది నత్రజని వాయువులకు సంబంధించిన విషము. పాలసముద్రమున పుట్టిన హాలాహలము శివుని కంఠముననే నిలిచినదని చెప్పుదుము. ఈ పొగ కంఠమున నిలువదు. నీట కరుగు గుణము తక్కువ గనుక గొంతును పెద్దగా బాధింపక నేరుగా ఊపిరితిత్తుల లోతునకు దిగిపోవును. పీల్చినవాడు కొంచెము దగ్గి, నీళ్లు త్రాగి, బాగుంటినని చెప్పి ఇంటికి పోవును. కొన్ని గంటలు గడచిన పిమ్మట, ఒక్కొక్కప్పుడు మఱునాటికి, ఊపిరితిత్తులలో నీరు చేరి ఊపిరాడక ప్రాణాపాయ మేర్పడును. దెబ్బ తగిలినది పగలు కార్ఖానాలో. కూలినది రాత్రి ఇంటిలో. ఈ యెడమే పనివాని కుటుంబమును ముంచుచున్నది.

ఇచట నా జీవితమునందలి యొక సంగతి చెప్పకతప్పదు. చెప్పుటకు సిగ్గగుచున్నది, అయినను చెప్పెదను.

2003వ సంవత్సరమున నా శిష్యుడొకడు పట్టణమున బ్లాకుల కార్ఖానాలో పనిచేయుచుండెను. వయస్సు 25 ఏండ్లు. నెలజీతము 3,000 రూపాయలు. చక్కని దస్తూరి గలవాడు. పాఠశాలలో నల్లబల్లపై పద్యము వ్రాయవలసి వచ్చినప్పుడు వానినే పిలిచెడివాడను. ఒకనాడు తొట్టిగదిలో పొగ లాగు పంకా చెడిపోయినది. పెండ్లిండ్ల కాలము, పని యాగుటకు వీలులేదనిరి. మధ్యాహ్నము వఱకు వాడు ఆ పొగలోనే పనిచేసి, సాయంకాలము దగ్గుచు బసకు పోయెను. అర్ధరాత్రి ఊపిరాడలేదు. తెల్లవాఱకముందే ఆసుపత్రిలో ప్రాణము పోయెను.

మఱునాడు యజమాని తరపు మనుష్యుడొకడు శవముతో గూడ వచ్చెను. “ఇది కార్ఖానాలో జరిగినది కాదు; బసలో గుండె ఆగినది. అయినను మా యజమాని దయతో 30,000 రూపాయలు పంపినాడు” అనెను. పంచాయతి రచ్చబండకడ నలుగురము కూర్చుంటిమి. శవపరీక్ష వలదు, పసివాని శరీరమును కోయించుట యేల యని పెద్దలందఱు ననిరి. నేనును అంటిని. ఇక మీదట మాకే హక్కును లేదని కాగితము వ్రాయుమనిరి. చదువుకొన్నవాడను గనుక కలము నాచేతికే వచ్చెను. నేను వ్రాసితిని. ఆ పిల్ల, యిరువదేండ్లు నిండనిది, ఒడిలో బిడ్డ నుంచుకొని నేను చూపినచోట వ్రేలిముద్ర వేసెను. మంచి పని చేసితిమనుకొంటిని.

తొమ్మిదేండ్ల పిమ్మట న్యాయవాదియైన మఱియొక శిష్యునితో మాటవరుసకు ఈ సంగతి చెప్పితిని. వాడు కొంతసేపు మాటాడలేదు. తరువాత కాగితముపై లెక్క వేసి చూపెను. నాటి చట్టము ప్రకారము జీతములో సగము 1,500 రూపాయలు. 25 ఏండ్ల వయస్సునకు పట్టికలోని గుణకము 216.91, గుణింపగా 3,25,365 రూపాయలు. “మాస్టారూ, మీరు వ్రాసిన కాగితము చట్టము ముందు చెల్లదు” అనెను. విచారించితిమి. గడువు దాటియుండెను, కార్ఖానా మూతబడియుండెను, యజమాని భీమా చేసియుండలేదు. ఆ పిల్ల పరాయి ఊర కూలికి పోవుచుండెను. నా చేతివ్రాత నాకే యముని పాశమువలె తోచెను.

అందువలన నేను తెలిసికొన్నదానిని మీకు చెప్పెదను.

పనిలో గాయపడినవానికి యజమాని పరిహార మీయవలెనను న్యాయము జర్మనీయందు 1884లోను, ఇంగ్లండునందు 1897లోను చట్టరూపమును దాల్చినది. మన దేశమున 1923లో పనివారి నష్టపరిహార చట్టము పుట్టి, 1924 జూలై 1 నుండి అమలునకు వచ్చినది. 2010నుండి దానికి ఉద్యోగుల నష్టపరిహార చట్టమను పేరు వచ్చెను. 2025 నవంబరు 21నుండి దాని స్థానమును 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ఆక్రమించినది. పేరు మాఱినను మూలసూత్రము మాఱలేదు. ఆ సూత్రమేమనగా, పనివలన, పనికాలమునందు కలిగిన గాయమునకు యజమాని తప్పు చేసెనా లేదా యని విచారింపకయే పరిహారము చెల్లవలెను. ఇది దానము కాదు; ఋణము. ఋణము తీర్చినవానికి దాతయను పేరు చెల్లదు. ఋణమడుగువాడు చేయి చాచి నిలువనక్కఱలేదు.

గాయమనగా నెత్తురు కారినదే కాదు. పాత చట్టముయొక్క మూడవ పట్టికలో వృత్తిరోగములు చెప్పబడినవి. ఎఱ్ఱని పొగవలని విషము అందు మొదటి భాగముననే కలదు. దానికి ఇన్ని నెలలు పనిచేసియుండవలెనను నియమము లేదు. క్రోమియపు లవణములవలని రోగములు రెండవ భాగమున నున్నవి; వానికి ఒకే యజమానికడ ఆఱు నెలల యెడతెగని కొలువు ఉండవలెను. నా శిష్యుడు బసలో మరణించెనను మాట నిజమే. కాని మరణమునకు హేతువు తొట్టిగదిలో పుట్టినది. చట్టము చూచునది హేతువును. కాని హేతువును నిరూపింప వలయును గదా! శవపరీక్ష వలదని మేము ఆ నిరూపణమునే కాల్చి బూడిద చేసితిమి.

కొందఱు యజమానులు “కంటి అద్దములు పెట్టుకొనలేదు, తప్పు వానిదే” అందురు. కేవలము అజాగ్రత్త పరిహారమును హరింపదు. త్రాగి పనిచేసినను, భద్రతకై చేసిన స్పష్టమైన నియమమును బుద్ధిపూర్వకముగా ధిక్కరించినను, రక్షణ సాధనమును తెలిసి తొలగించినను హక్కు పోవచ్చును. మరణముగాని, శాశ్వతమైన సంపూర్ణ వైకల్యముగాని కలిగినచో ఆ సాకులును చెల్లవు.

పరిహారపు కొలత యెంత? మరణమునకు నెలజీతములో సగమును, సంపూర్ణ వైకల్యమునకు నూటికి 60 వంతులను వయస్సును బట్టిన గుణకముతో హెచ్చించవలెను. 2020 జనవరి ప్రకటన లెక్కకు తీసికొనదగిన నెలజీతమును 15,000 రూపాయలుగా నిర్ణయించినది. ఆ జీతముతో 30 ఏండ్లవాడు మరణించినచో, గుణకము 207.98 గనుక, పరిహారము 15,59,850 రూపాయలు. వానికే ఒక కన్ను పోయి రెండవది బాగున్నచో సంపాదనశక్తి నూటికి 40 వంతులు తగ్గినట్లు పట్టిక చెప్పును. పరిహారము 7,48,728 రూపాయలు. బొటనవ్రేలు పోయిన 30 వంతులు. పట్టికయే తుదిమాటయు గాదు. ఒరిస్సాలోని జయపురమున ఎడమచేయి మోచేతికి పైన పోయిన వడ్రంగి విషయమై సుప్రీంకోర్టు, ఒంటిచేతితో వడ్రము సాగదు గనుక అది సంపూర్ణ వైకల్యమే యని తీర్పు చెప్పినది. మఱియు పరిహారపు బాధ్యత గాయము తగిలిన దినముననే పుట్టుననియు చెప్పినది. నెలలోపల చెల్లింపనిచో నూటికి 12 వంతున వడ్డీయు, తగిన కారణము లేనిచో సగము వఱకు జరిమానాయు 1923 చట్టము విధించినది.

ఇక గ్రామపెద్దలు మఱవగూడని ధర్మసూక్ష్మము. మరణమునకు చెల్లవలసిన పరిహారమును యజమాని నేరుగా కుటుంబము చేతికీయరాదు. అధికారియొద్ద జమ చేయవలెను. చేతికిచ్చినది పరిహారముగా లెక్కకు రాదు. తన హక్కును వదలుకొంటినని పనివాడుగాని, వాని వారసులుగాని వ్రాసియిచ్చిన కాగితము చెల్లదు. కొత్త కోడ్‌లోను ఈ నియమము నిలిచియున్నది. రచ్చబండకడ పెద్దలు చేయు రాజీ యెంత సదుద్దేశముతో గూడినదైనను, విధవరాలి ఋణమును మాఫీ చేయు అధికారము మనకు లేదు.

హక్కు కలిగినంత మాత్రమున ధనము చేతికి రాదు. నాలుగు యంత్రములు గల చిన్న యజమాని పదునైదు లక్ష లెచటనుండి తెచ్చును? అందులకే భీమా. పదిమందిగాని, అంతకు మించిగాని పనివారున్న కార్ఖానాలు ఉద్యోగుల రాజ్యభీమా క్రిందకు వచ్చును. 2019 జూలైనుండి యజమాని జీతములో నూటికి 3.25, పనివాడు 0.75 వంతున చెల్లించు పద్ధతి యేర్పడినది. వైద్యమును, గాయపడి పని మానిన దినములకు జీతములో రమారమి 90 వంతుల భృతియు, మరణించినచో కుటుంబమునకు నెలనెలా భృతియు ఆ సంస్థయే యిచ్చును. అట్టి రక్షణ గలవారు పరిహారమును వేఱుగా యజమానినుండి అడుగుటకు వీలులేదు.

పదిమందికి తక్కువగు చోట యజమాని భీమా సంస్థనుండి పత్రము తీసికొనవలెను. జీతముల మొత్తమును బట్టి, పనియొక్క ప్రమాదమును బట్టి రుసుము నిర్ణయింతురు. రుసుము తగ్గునని అయిదుగురికి బదులు ముగ్గురినే చూపు యజమాని తన కొంపకు తానే నిప్పు పెట్టుకొనుచున్నాడు. పత్రమున వృత్తిరోగములు చేరినవా, వైద్యపు ఖర్చు చేరినదా, కాంట్రాక్టరు తెచ్చిన కూలీలు చేరిరా యని యొక్కొక్క పంక్తిని చదివి చూడవలెను. యజమాని దివాలా తీసినను పనివాని హక్కు భీమా సంస్థపై నిలుచునని 1923 చట్టమే చెప్పినది. కావున భీమా యజమానికి గొడుగు, పనివానికి ఇల్లు.

అయితే భీమా కన్నును తిరిగి తేదు. రక్షణయే మొదటి ధర్మము. పొగ గాలికంటె బరువైనది గనుక దానిని తొట్టి అంచుననే లాగి బయటికి పంపు యంత్రముండవలెను. అది ఆగినచో పనియు ఆగవలెను. ఆమ్లమును నీటిలో పోయవలెను గాని నీటిని ఆమ్లములో పోయరాదు. కంటికి అద్దములు, చేతికి ఆమ్లము దిగని తొడుగులు, మెడనుండి మోకాలి వఱకు కప్పు తెర ఉండవలెను. అడుగు దూరమున ధారగా నీరుండవలెను. ఆమ్లము కంట బడిన కనీసము పావుగంట కడిగి, పిదప వైద్యునికడకు పోవలెను. ఎఱ్ఱని పొగ పీల్చినవాడు బాగుంటినని చెప్పినను వానిని ఒంటరిగా బసకు పంపరాదు. వైద్యుని కనిపెట్టులో నుంచవలెను.

తుదకు పెద్దలకు నా మనవి. పట్టణమునకు పోవు కుఱ్ఱవాని నడుగుడు: మీ యజమాని నీ పేరు పుస్తకమున వ్రాసెనా? రాజ్యభీమా చీటీ యిచ్చెనా? లేనిచో భీమా పత్రము గలదా? జీతపు చీటీ యొక్కటి ఇంట నుంచుమని చెప్పుడు. ఆపద కలిగినచో వైద్యునితో ఏ ఆమ్లము, ఏ పొగ యని పేరుపెట్టి చెప్పి వ్రాయింపుడు. మరణము సంభవించినచో దుఃఖము నదిమికొని శవపరీక్ష చేయింపుడు. యజమానికి వ్రాతమూలకముగా తెలుపుడు. జిల్లా కార్మికశాఖ కార్యాలయమునకు పొండు. పాత చట్టము రెండేండ్ల గడువు పెట్టినది. మీరు రెండు నెలలైనను జాగు చేయకుడు. అంత్యక్రియలకు యజమాని ఏమైన నిచ్చినచో పుచ్చుకొనవచ్చును. కాని దేనిపైనను వ్రేలిముద్ర వేయింపకుడు.

నా శిష్యుని కొడుకు నేడు ఆ నాటి తండ్రి వయస్సునకు దగ్గఱయైనాడు. గత సంవత్సరము నా యింటికి వచ్చి, పట్టణమున అచ్చుపనిలో చేరుచున్నానని చెప్పి పాదములకు మ్రొక్కెను. దీవించుటకు ముందు వాని నొక ప్రశ్న యడిగితిని: “నాయనా, అచట పొగ లాగు పంకా తిరుగుచున్నదా?” వాడు నవ్వెను. నేను నవ్వలేదు. చూచి వచ్చి చెప్పుమని పంపితిని. వారము దినములకు వాడు తిరిగి వచ్చి పంకా సంగతియు, భీమా చీటీ సంగతియు చెప్పిన పిదపనే అక్షతలు వేసితిని.

మీ గ్రామమునుండి పోవు బిడ్డలను మీరును అట్లే అడిగి పంపుడు.